రాపహానాక్ ఒడ్డున హత్య జరిగిన ఇల్లు, బైబిల్లో కొట్టేసిన పేరు

నాకు పాత హత్యలంటే ఆసక్తి. ఇది మా చర్చిలో అందరికీ తెలిసిన రహస్యం. ముప్పై ఏళ్ళు ఆసుపత్రి పాథాలజీ ల్యాబ్‌లో మైక్రోస్కోపు మీద వంగి కూర్చున్న దాన్ని. రిటైరయ్యాక అల్లికలు నేర్చుకోమని అందరూ సలహా ఇచ్చారు కానీ నాకు అంత ఓపిక లేదు. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇంటి దగ్గరి లైబ్రరీకి వెళ్ళి, పాత నేరాల పుస్తకాలున్న అర ముందు కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాను. చర్చి పిల్లలు నన్ను చాటుగా ‘మర్డర్ ఆంటీ’ అంటారట. చాటుగా ఎందుకు, ఎదురుగానే అనండర్రా అని చెప్పాను.

2012 చలికాలంలో అలా చేతికొచ్చిన ఒక వర్జీనియా జిల్లా చరిత్ర పుస్తకంలో రెండంటే రెండు పేజీల కథ కనిపించింది. పద్దెనిమిదో శతాబ్దం, అమెరికా ఇంకా ఇంగ్లండు రాజు కింద ఉన్న కాలం. రాపహానాక్ నది ఒడ్డున పొగాకు తోటలున్న ఒక జమీందారు ఉండేవాడు. ఊరంతా కల్నల్ అనేవారు. ఆయన ఒకనాడు ఇంట్లో విందు జరుగుతుండగా అతిథుల కళ్ళముందే ఒక మనిషిని పిస్తోలుతో కాల్చి చంపాడు. చనిపోయినవాడు ఇంటింటికీ తిరిగి గొప్పవాళ్ళకు నాట్యం నేర్పే మాస్టారు. కారణం కల్నల్ భార్య లిడియా, వయసులో ఆయనకంటే చాలా చిన్నది. కోర్టులో కూర్చున్నవాళ్ళంతా కల్నల్ స్నేహితులే కాబట్టి ఆయన్ని వదిలేశారు. మరి లిడియా ఏమైంది? పుస్తకం ఆ సంగతి ఎత్తలేదు. రెండు పేజీలు మళ్ళీ మళ్ళీ తిరగేశాను. చంపినవాడి గుర్రాల పేర్లు కూడా రాసిన పెద్దమనిషి, ఆవిడ ఏమైందో ఒక్క వాక్యం రాయలేకపోయాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ ఇల్లు ఇప్పటికీ ఉందని, శనివారాల్లో చూడనిస్తారని తెలిశాక ఇక ఆగలేదు.

ప్రయాణానికి ఇంకో కారణం కూడా ఉంది. అది చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు. మా అమ్మాయి షారోన్ ఆ వర్జీనియాలోనే రిచ్‌మండ్‌లో ఉంటుంది. మా చర్చిలోనే, మాకు తెలిసిన కుటుంబంలోనే ఇచ్చి పెళ్ళి చేశాం. అది నిలవలేదు. విడాకులయ్యాక తన ఆఫీసులో పనిచేసే ఒకతన్ని పెళ్ళి చేసుకుని రిచ్‌మండ్ వెళ్ళిపోయింది. పాప పుట్టింది, పేరు నయోమి. మా ఇళ్ళల్లో ఒక అలవాటుంది. బైబిల్లో పాత నిబంధనకూ కొత్త నిబంధనకూ మధ్య ఉండే ఖాళీ కాగితాల మీద ఇంటి పెళ్ళిళ్ళు, పుట్టుకలు, మరణాలు రాసుకుంటాం. బాపట్ల నుంచి తెచ్చుకున్న మా బైబిల్లో అత్తగారి తరం నుంచీ పేర్లున్నాయి. కిందటేడు పాపతో ఇంటికొచ్చిన షారోన్ ఆ పేజీ తీసి చూసింది. తన మొదటి పెళ్ళి ఉంది. రెండో పెళ్ళి లేదు, నయోమి లేదు. ఎందుకు లేదని అడిగింది. “మీ నాన్న రాయనివ్వలేదు” అన్నాను. అది తిన్నగా వెళ్ళి వాళ్ళ నాన్నను నిలదీసింది. ఆయన నావైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా పెరట్లో టమాటా మొక్కలకు నీళ్ళు పెట్టడానికి వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి షారోన్ ఆయనతో మాట్లాడటం మానేసింది.

ఆయన అలాంటి మాట ఎప్పుడూ అనలేదు. రాయనిది నేను. ఈ సంగతి షారోన్‌కు చెప్పాలని ఏడాదిగా అనుకుంటున్నాను, అనుకోవడం తప్ప ఏమీ చేయలేదు.

సరే, దారి సంగతి. డెట్రాయిట్ నుంచి రిచ్‌మండ్‌కు విమానంలో గంటన్నర. అక్టోబరు మొదటి వారం వెళ్ళండి, ఎండ హాయిగా ఉంటుంది, దోమలు తగ్గుతాయి. శుక్రవారం షారోన్ ఇంట్లో పడుకుని, పాపను అల్లుడి దగ్గర వదిలి, శనివారం ఉదయం ఎనిమిదింపావుకు ఇద్దరం బయలుదేరాం. రూట్ 360 పట్టుకుని తూర్పుకు పోతే టాపహానాక్ అనే చిన్న ఊరు గంటలో వస్తుంది. ఊరు దాటేముందు కారుకు పెట్రోలు అక్కడే కొట్టించుకోండి, తర్వాత బంకులు తక్కువ.

“మమ్మీ, సీరియస్‌గా? అందరి మదర్స్ బీచ్‌కి వెళ్దాం అంటారు. నువ్వేమో మర్డర్ హౌస్!” అంది షారోన్ స్టీరింగ్ మీద వేళ్ళు ఆడిస్తూ.

“బీచ్‌లో ఏముందే చూడ్డానికి, నీళ్ళేగా!”

“వాడు ఎందుకు షూట్ చేశాడు? షీ వాజ్ చీటింగ్?”

“అదే తెలుసుకుందామనే వెళ్తున్నాం.”

టాపహానాక్‌లో రోడ్డు పక్కన ఒక చిన్న హోటల్లో ఆగాం. ఉప్పు పట్టించిన పంది మాంసం పెట్టిన బిస్కెట్, కాఫీ, మనిషికి ఆరు డాలర్లు. బిస్కెట్ అంటే మన బిస్కెట్ కాదు, మెత్తటి రొట్టె. వంట చేసే పెద్దాయన ప్లేటు తనే తెచ్చి పెట్టి, ఎక్కడికని అడిగాడు. ఇంటి పేరు చెప్పగానే నవ్వాడు.

“దయ్యం కోసమా? మా ఆవిడ చిన్నప్పుడు చూసిందట. డాన్సు చెప్పులు వేసుకుని మెట్లు దిగుతుందట ఆ కల్నల్ భార్య.”

“మీరు చూశారా?” అని అడిగాను.

“నేను శనివారాలు ఇక్కడే ఉంటానండీ, దయ్యాలకు నాకు తీరికేదీ?”

ఇంటి పేరు నేను ఇక్కడ రాయడం లేదు. ఆ వంశంవాళ్ళే ఇప్పటికీ నడుపుతున్నారు, ఇంటర్నెట్‌లో పేరు పెట్టొద్దని కోరారు. ఆ నది పొడుగునా ఇలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి, ప్రతి ఇంటికీ ఏదో ఒక కథ ఉంది. టాపహానాక్ దగ్గర నది మీది వంతెన దాటిన ఇరవై నిమిషాలకు షారోన్ జీపీఎస్ మమ్మల్ని ఒక సోయా చేను మధ్యలోకి తీసుకెళ్ళి, గమ్యం చేరుకున్నారని ప్రకటించింది. ఫోనులో సిగ్నల్ లేదు. అదృష్టం బాగుండి ఒక రైతు పికప్ ట్రక్కులో వచ్చాడు. “వెనక్కి వెళ్ళి, తెల్ల చర్చి దగ్గర ఎడమకు తిరగండి. ఇక్కడికి వచ్చేవాళ్ళంతా ఆ ఇంటి కోసమే దారి తప్పుతారు” అన్నాడు. ఆ దారి ప్రింటు తీసుకుని వెళ్ళడం మంచిది.

పదిన్నర టూర్‌కు సరిగ్గా అయిదు నిమిషాల ముందు చేరాం. టికెట్ పది డాలర్లు, నాలాంటి పెద్దవాళ్ళకు ఎనిమిది. ఎర్ర ఇటుకల ఇల్లు, నదివైపు పొడుగాటి పచ్చిక. ఆ రోజు మేం కాక ఒక ముసలి జంట మాత్రమే ఉన్నారు. గైడ్ డెలోరిస్ అనే డెబ్భై ఏళ్ళావిడ, రిటైరైన స్కూలు టీచరు, నల్లజాతి మనిషి. నడుముకు తాళాల గుత్తి, చేతిలో కర్ర. ఆ కర్రతో నేలమీద ఒకసారి కొడితే క్లాసులో పిల్లల్లా అందరం నోరు మూశాం. ఆవిడ పేరు పక్కన ‘గారు’ నేనే తగిలిస్తున్నాను, అలా అనకుండా ఆవిడ గురించి రాయలేను.

హాలులోకి వెళ్ళగానే నేలమీద ఒక నల్లటి మరక చూపించారు. ఇక్కడే మాస్టారు పడిపోయాడు, ఆ రక్తం ఎంత కడిగినా పోలేదు అన్నారు. ముసలి జంట ఊపిరి బిగబట్టారు. నేను కళ్ళజోడు సర్దుకుని మోకాళ్ళ మీద వంగాను.

“మమ్మీ, ప్లీజ్” అంది షారోన్ పళ్ళ మధ్య నుంచి.

“రక్తం ఇన్నేళ్ళు ఇంత నల్లగా, ఇంత నునుపుగా ఉండదండీ” అన్నాను డెలోరిస్ గారితో. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి ఏం పని చేసేవారని అడిగారు. చెప్పాను. ముసలి జంట పక్క గదిలోకి నడిచాక నా చెవి దగ్గరికి వచ్చి, “వార్నిష్. ఎప్పుడో ఒలికింది. ఎవరితోనూ అనకండి” అన్నారు. అప్పటి నుంచి మేమిద్దరం ఒక జట్టు.

గుండు దిగిన చోటు మాత్రం నిజమైనదే. మెట్ల పక్కన గుమ్మం కొయ్యలో చిన్న గుంట, దానిమీద గాజు బిళ్ళ. అది నా నడుం ఎత్తులో ఉంది. నేనేమంత పొడుగు మనిషిని కాదు. నిలబడ్డ మగవాడి గుండెల్లోంచి వెళ్ళిన గుండు అంత కింద ఎలా తగులుతుందని అడిగాను. డెలోరిస్ గారి ముఖం వెలిగిపోయింది.

“పన్నెండేళ్ళుగా చెబుతున్నాను, ఇది అడిగిన రెండో మనిషి మీరు. అతను వంగి ఉన్నాడు. లిడియా చెప్పుకు బకిల్ ఊడితే పెడుతున్నాడు. ఆ సంగతి ఈ ఇంట్లో బానిసగా ఉన్న వంటమనిషి కళ్ళారా చూసింది. కానీ తెల్లవాడి మీద నల్లవాళ్ళు కోర్టులో సాక్ష్యం చెప్పకూడదని అప్పటి చట్టం. ఆమె తన పిల్లలకు చెప్పింది, వాళ్ళు తమ పిల్లలకు చెప్పారు. మా అమ్మమ్మ నాకు చెప్పింది.”

ఆ వంటమనిషి పేరేమిటని షారోన్ అడిగింది. పేరు ఎక్కడా రాసి లేదని డెలోరిస్ గారు చెప్పారు. టూర్ కాగితంలో ఈ కథ ఉండదట. కాగితంలో ప్రేమ, పిస్తోలు, దయ్యం ఉంటాయి. చెప్పు బకిల్ కోసం ఎవరూ పది డాలర్లు ఇవ్వరు కదా అన్నారావిడ.

మేడ మీద చిన్న గదిలో గాజు పెట్టెలో ఒక బైబిల్ ఉంది. ఇరవై మూడో కీర్తన దగ్గర తెరిచి పెట్టారు. ముసలి జంట ఒక ఫొటో తీసుకుని దిగిపోయారు. నాకు మాత్రం అక్కణ్ణుంచి కాలు కదల్లేదు. ఇంటి బైబిల్ అంటే కీర్తనలు కాదు, మధ్యలో పేజీ. ఆ సంగతి మాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? “ఇంటివాళ్ళ పేర్లు రాసిన కాగితం ఇందులో ఉందా?” అని అడిగాను.

డెలోరిస్ గారు తాళాల గుత్తి తడుముకున్నారు. వెలుతురుకు ఒకే పేజీ పాడవకుండా కొన్నాళ్ళకొకసారి వేరే పేజీకి తిప్పడం వాళ్ళ పద్ధతట. “వచ్చే వారం తిప్పాలి. ఈ రోజు తిప్పితే కొంపలేం మునగవు” అంటూ పెట్టె తెరిచారు. చేతులు తుడుచుకుని, అడుగున అరచెయ్యి పెట్టి, చంటిపిల్లను పక్కకు ఒత్తిగిలించినట్టు నెమ్మదిగా తిప్పారు.

గోధుమరంగు సిరా, వంకర లేని చక్కటి రాత. వరసగా పిల్లల పుట్టుకలు. నాలుగో వరసలో పేరు లేదు. దాని చోట నల్లటి దిమ్మ, సిరా అద్ది అద్ది కాగితం చిరిగేదాకా కొట్టేశారు. కింద పెళ్ళిళ్ళ దగ్గర కల్నల్ పేరు ఉంది, పక్కన అలాంటిదే ఇంకో దిమ్మ.

“చూశావా, ఆ దుర్మార్గుడు మనిషిని చంపింది చాలక పేరు కూడా చంపాడు” అన్నాను షారోన్‌తో. డెలోరిస్ గారికి ఇంగ్లిష్‌లో మళ్ళీ చెప్పాను.

ఆవిడ తల అడ్డంగా ఊపారు. “అందరూ కల్నలే అనుకుంటారు. ఇది కల్నల్ బైబిల్ కాదమ్మా. లిడియా పుట్టింటిది. ఈ రాతంతా వాళ్ళ అమ్మది. ఆ కొట్టేసింది కూడా ఆమే. కాల్పులు జరిగాక లిడియా పుట్టింటికే పోయింది. తలుపు తీయలేదు.”

నేను ఆ చక్కటి రాతవైపే చూస్తూ ఉండిపోయాను. మా ఇంట్లో కూడా రాసేది నేనే. నా చేతిరాత బాగుంటుందని మా అత్తగారు తను బతికుండగానే కలం నాకు ఇచ్చారు.

“లుక్ మమ్మీ, కింద ఇంకేదో ఉంది” అంది షారోన్. నిజమే. పేజీ అడుగున, మరణాల కింద, వేరే రాత. అక్షరాలు పెద్దవిగా, కొంచెం వంకరగా ఉన్నాయి. ‘మా అమ్మ లిడియా. నా ఇంట్లో’ అని, పక్కన తేదీ. లిడియా కూతురు రాసిందట అది. అమ్మమ్మ పోయాక బైబిల్ ఆమె చేతికి, ఆమె పిల్లల నుంచి ఈ ఇంటికి వచ్చిందట. కొట్టేసిన చోట మళ్ళీ రాయడానికి కాగితం మిగల్లేదు, అందుకని అడుగున రాసుకుంది. అంటే లిడియా మాయమవలేదు, దయ్యం కాలేదు. ముసలిదై, కూతురి ఇంట్లో, మంచం మీద కన్నుమూసింది. నా ప్రశ్నకు జవాబు దొరికింది. ఎగిరి గంతేయాల్సింది పోయి నాకు ఏడుపొచ్చింది.

షారోన్ ఆ పెద్ద అక్షరాలను చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా, “ఎట్లీస్ట్ వాళ్ళ డాడ్ కాదు ఇది చేసింది” అంది.

నది ఒడ్డున పచ్చిక చివర ఒక బల్ల ఉంది. టూర్ పన్నెండుకు అయిపోయాక అక్కడ కూర్చున్నాం. ఏడాదిగా కూడగట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

“షారోన్, నయోమి పేరు నాన్న వద్దనలేదు. నేనే రాయలేదు.”

అది నావైపు తిరిగింది.

“ఇంట్లో ప్రార్థన పెట్టినప్పుడల్లా మీ పాత అత్తగారు వస్తుంది. బైబిల్ అందరి చేతుల్లోకీ వెళ్తుంది. ఆవిడ ఆ పేజీ తీస్తే నేను తల ఎక్కడ పెట్టుకోవాలి అనుకున్నాను. నువ్వు అడిగిన రోజు భయమేసి నాన్న మీదకి తోసేశాను.”

“వన్ ఇయర్, మమ్మీ! వన్ ఇయర్ నేను డాడీతో మాట్లాడలేదు. ఆయన బర్త్‌డేకి కూడా కాల్ చేయలేదు. నువ్వు చూస్తూ ఉన్నావ్!”

“చూస్తూనే ఉన్నాను.”

“ఆయన ఎందుకు చెప్పలేదు మరి?”

నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. అడిగే ధైర్యం లేక ఆయన్ని ఎప్పుడూ అడగలేదు. షారోన్ లేచి, నాకోసం ఆగకుండా కారువైపు నడిచింది. పెద్దగా తిట్టినా బాగుండేది అనిపించింది.

సిగ్నల్ మళ్ళీ టాపహానాక్‌లోనే వచ్చింది. భోజనానికి ఆగాల్సిన చోట, పీతల వడలు బాగుంటాయని పొద్దున పెద్దాయన చెప్పిన హోటల్ ముందు, షారోన్ కారు ఆపి ఫోను తీసింది. స్పీకర్ పెట్టింది, నేను వినాలనే పెట్టిందనుకుంటాను.

“డాడీ, ఇట్స్ మీ.”

“అమ్మకేమైనా అయిందా?” అన్నారు మా ఆయన.

“నో, షీ ఈజ్ ఫైన్. అమ్మ చెప్పింది. బైబిల్ సంగతి. నువ్వు కాదంట కదా. ఎందుకు నాకు చెప్పలేదు డాడీ?”

“చెబితే మీ అమ్మ మీద కోపం వచ్చేది నీకు” అన్నారాయన. “నామీద కోపమొస్తే అమ్మ దగ్గరికైనా వస్తావు. అమ్మ మీద కూడా వస్తే ఇక ఇంటికి ఎవరి కోసం వస్తావమ్మా? అందుకని ఊరుకున్నా.”

షారోన్ ఫోనును రెండు చేతులతో పట్టుకుని ఏడ్చింది. నేను కిటికీలోంచి హోటల్ బోర్డు చదువుతూ కూర్చున్నాను. తర్వాత ఇద్దరూ నయోమికి ఎన్ని పళ్ళొచ్చాయో అరగంట మాట్లాడుకున్నారు. నాతో షారోన్ రిచ్‌మండ్ దాకా మాట్లాడలేదు. అయితే నా పీతల వడ ప్యాక్ చేయించి నా ఒళ్ళో పెట్టింది. మూడున్నరకు ఇల్లు చేరాం.

ఈ యాత్ర నేను ఒక హత్య సంగతి తెలుసుకుందామని మొదలుపెట్టాను. చంపిన మనిషి మీద నాకు మొదటి నుంచీ కోపమే. కానీ ఆ ఇంట్లో అన్నిటికంటే ఎక్కువసేపు నేను చూసింది పిస్తోలు కాదు, ఒక తల్లి చక్కటి చేతిరాత. ఆమెకూ పొరుగువాళ్ళు ఉండే ఉంటారు, ఆదివారం చర్చిలో ముందు బెంచీలో కూర్చునేవాళ్ళు ఉండే ఉంటారు. నేను ఆమె కంటే మంచిదాన్నని చెప్పుకోలేను, సిరా అంత పోయలేదంతే. మిషిగన్ తిరిగొచ్చిన రోజు సాయంత్రం బైబిల్ బల్లమీద పెట్టి, కలం మా ఆయన ముందుంచాను. “నీ రాతే బాగుంటుంది, నువ్వే రాయి” అన్నారు. కాదు, మీరే రాయండి అన్నాను. ఆయన రాత మహా వంకర. షారోన్ పెళ్ళి, దాని కింద నయోమి పేరు రాయడానికి పావుగంట పట్టింది. ఆ నెల ప్రార్థన మా ఇంట్లోనే పెట్టాం. షారోన్ పాత అత్తగారు వచ్చింది, పేజీ తీసింది, చదివింది, పాపకు నడక వచ్చిందా అని అడిగింది.

వెళ్ళేవాళ్ళకు ఒకే సలహా. పాత ఇళ్ళలో గాజు పెట్టెలో పుస్తకం కనిపిస్తే తెరిచి ఉన్న పేజీ చూసి వచ్చేయకండి. టూర్‌లో జనం తక్కువగా ఉండే శనివారం పొద్దున్నే వెళ్ళి, పేర్లున్న పేజీ చూపించమని గైడ్‌ను మర్యాదగా అడగండి. చూపిస్తే, అది ఎవరి చేతిరాతో కూడా అడిగి తెలుసుకోండి.